డిగ్రీ కళాశాల ఐదేళ్ల ప్రణాళిక: ముందు అధ్యాపకుల లెక్క, ఆ తర్వాతే ఆశయాలు

గుంటూరు, విజయవాడ పరిసరాల్లోని చాలా డిగ్రీ కళాశాలల్లో ఐదేళ్ల ప్రణాళిక అనే పత్రం కళాశాలలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రావడానికి రెండు మూడు నెలల ముందు తయారవుతుంది. ఐక్యూఏసీ (కళాశాల అంతర్గత నాణ్యత విభాగం) సమన్వయకర్త పాత ఫైళ్లలోంచి కళాశాల ఆశయాల పేరా ఒకటి తీసుకుని, దాని కింద కొత్త భవనం, స్మార్ట్ తరగతి గదులు, పరిశోధన కేంద్రం, పరిశ్రమలతో ఒప్పందాలు అని వరసగా పేర్చి, ప్రిన్సిపాల్ సంతకం చేయించి బీరువాలో పెడతారు. న్యాక్ ఏడు ప్రమాణాల్లో ఆరోదైన పాలన, నాయకత్వం, యాజమాన్యం కింద అడిగే ప్రశ్నకు ఆ పత్రం జవాబుగా చూపడానికి పనికొస్తుందేమో గానీ, వచ్చే ఏడాది రెండో సంవత్సరం వారికి గణాంకశాస్త్రం ఎవరు చెబుతారన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు దొరకదు. కళాశాల నడిచేది ఈ రెండో ప్రశ్నకు దొరికే జవాబు మీదనే కనుక, ప్రణాళికను అక్కడి నుంచే మొదలుపెట్టి రాసుకునే పద్ధతిని ప్రిన్సిపాళ్ల కోసం, ఐక్యూఏసీ సమన్వయకర్తల కోసం, కళాశాల కమిటీల కార్యదర్శుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉన్నత విద్యాసంస్థకూ సంస్థాగత అభివృద్ధి ప్రణాళిక ఉండాలని చెప్పింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2024లో దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అందుచేత ఇది ఇక ఐచ్ఛికం కాదనే అనుకోవాలి. అయితే ఆ మార్గదర్శకాల్లోని శీర్షికలను ఎత్తి రాసినంత మాత్రాన ప్రణాళిక అయిపోదు. శీర్షికలు చివర్లో సర్దుకోవచ్చు, ముందు లెక్క తేలాలి.

ప్రణాళికా సంఘంలో ఐదుగురో ఏడుగురో ఉంటే చాలు. వారిలో ప్రిన్సిపాల్, ఐక్యూఏసీ సమన్వయకర్త, యాజమాన్యం తరఫున ఒకరు ఎలాగూ ఉంటారు. వీరితోపాటు తప్పనిసరిగా ఉండవలసినవారు ఇద్దరు: ఒకరు జీతాల బిల్లు తయారుచేసే అకౌంట్స్ ఉద్యోగి, మరొకరు టైమ్‌టేబుల్ వేసే అధ్యాపకులు. ప్రతి కళాశాలలోనూ ఏళ్ల తరబడి టైమ్‌టేబుల్ వేస్తున్నవారు ఒకరుంటారు. ఏ శాఖలో ఎవరి మీద భారం ఎక్కువగా ఉందో, ఎవరి పీరియడ్లు కాగితం మీదే ఉన్నాయో వారికి తెలిసినంతగా పాలకమండలి అధ్యక్షులకు కూడా తెలియదు. వారిని పక్కనపెట్టి వేసిన సంఘం ఎంత పెద్దదైనా అది చేసే పని ఊహాగానంగానే మిగులుతుంది.

మొదటి పని: ఒకే రిజిస్టరు

అధ్యాపకుల వివరాలు సాధారణంగా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటాయి. జీతాల బిల్లులో ఒక సంఖ్య, విశ్వవిద్యాలయానికి పంపిన అనుబంధ గుర్తింపు దరఖాస్తులో మరొకటి, ఏఐఎస్‌హెచ్‌ఈ (కేంద్రం ఏటా చేసే అఖిల భారత ఉన్నత విద్య) సర్వేలో ఇంకొకటి, నోటీసు బోర్డు మీది టైమ్‌టేబుల్‌లో వేరొకటి కనిపిస్తాయి. ఈ నాలుగింటినీ ఎదురెదురుగా పెట్టి ఒకే పట్టికగా మార్చడం ప్రణాళికలో మొదటి పని, నా అభిప్రాయంలో అన్నిటికంటే కష్టమైన పని కూడా. తేడాలు బయటపడినప్పుడు ఎవరినో తప్పుపట్టే ఉద్దేశంతో కాకుండా సరిదిద్దుకునే ఉద్దేశంతో కూర్చోవాలి. లేకపోతే శాఖాధిపతులు తమకు అనుకూలమైన అంకెలే ఇస్తారు.

ఆ పట్టికలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస కేటాయించి పుట్టిన తేదీ, చేరిన తేదీ, నియామక ఉత్తర్వు సంఖ్య, పోస్టు స్వభావం (ప్రభుత్వ, ఎయిడెడ్, యాజమాన్యం, కాంట్రాక్టు, గెస్ట్), అర్హతలు, విశ్వవిద్యాలయం ర్యాటిఫికేషన్ (నియామకానికి ఆమోదం) వచ్చిందా లేదా అన్నది, ప్రస్తుత వేతన స్థాయి, వారానికి వాస్తవంగా చెబుతున్న గంటలు, పదవీ విరమణ చేసే నెల రాయాలి. పుట్టిన తేదీని పదో తరగతి సర్టిఫికెట్‌తోనూ సర్వీస్ రిజిస్టరుతోనూ పోల్చి చూసుకోవాలి. అర్హతల గడిలో ‘ఉన్నది’ అని రాసి వదిలేయకుండా నెట్టా, స్లెట్టా (అధ్యాపక అర్హతకు జాతీయ, రాష్ట్ర స్థాయి పరీక్షలు), పీహెచ్‌డీనా అన్నది ఏ సంవత్సరంలో వచ్చిందో దానితో సహా నమోదు చేయాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ లేదా స్లెట్‌ను కనీస అర్హతగా ఉంచుతూ, పీహెచ్‌డీని ఐచ్ఛికం చేస్తూ యూజీసీ తెచ్చిన సవరణ 2023 జులై 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి, నెట్ ఉండి పీహెచ్‌డీ లేని యువకులను తీసుకోవడానికి వెనకాడవలసిన పనిలేదు.

విరమణ నెల గడిని ప్రత్యేకంగా చూడాలి. ఒక అధ్యాపకురాలు నవంబరు చివర విరమణ చేస్తున్నారంటే ఆ ఖాళీ సెమిస్టర్ చివర్లో, పరీక్షల ముంగిట వస్తుంది. డిసెంబరులో ప్రకటన ఇస్తే అర్హులు దొరకరు, దొరికినవారు తామున్న కళాశాలను విద్యాసంవత్సరం మధ్యలో వదిలి రాలేరు. ఆ పోస్టుకు ఎంపిక అంతకుముందు వేసవిలోనే పూర్తయి, కొత్తవారు విద్యాసంవత్సరం మొదట్లోనే చేరి, విరమణ చేయబోయేవారి పక్కన కొన్ని నెలలు పనిచేసేలా చూడాలి. కొన్ని నెలలు రెండు జీతాలు ఇవ్వాలని యాజమాన్యం గొణిగే మాట నిజమే. కానీ ఇరవై ఐదేళ్లుగా ప్రయోగశాల నడిపిన మనిషి ఏ రసాయనం ఎక్కడుందో, ఏ పరికరం మరమ్మతుకు ఎవరిని పిలవాలో చెప్పకుండానే వెళ్లిపోతే పడే నష్టం ఆ జీతంకంటే ఎక్కువ.

రెండో పని: గంటల లెక్క

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు ప్రత్యక్ష బోధన చేయాలి. మొత్తం పనిభారం ఏడాదికి 30 పనివారాలు, అంటే 180 బోధన దినాల పాటు, వారానికి 40 గంటలకు తగ్గకూడదు. ప్రయివేటు అన్‌ఎయిడెడ్ కళాశాలల్లో వారానికి 24, 26 పీరియడ్లు చెప్పిస్తున్నారన్నది బహిరంగ రహస్యమే. ప్రణాళిక రాసేటప్పుడు ఆ అలవాటును ప్రామాణికంగా తీసుకుంటే కొరత ఎప్పటికీ కనిపించదు. నిబంధనలోని గంటలతోనే లెక్క కట్టి, వచ్చిన తేడాను తేడాగానే రాసుకోవాలి.

ఊహాజనితంగా ఒక కామర్స్ శాఖను తీసుకుందాం. మూడేళ్లకు ఏడాదికి రెండేసి సెక్షన్లు, అంటే ఆరు సెక్షన్లు. ఒక్కో సెక్షనుకు ఆ శాఖవారు చెప్పవలసిన గంటలు వారానికి 20 అనుకుంటే మొత్తం 120 గంటలు. శాఖలో ఒక అసోసియేట్ ప్రొఫెసర్, ఐదుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉంటే అందుబాటులో ఉన్నవి 94 గంటలే. అంటే 26 గంటల కొరత. ఇక్కడ చాలామంది ఇద్దరు గెస్ట్ ఫ్యాకల్టీ కావాలని రాసి ముందుకు వెళ్లిపోతారు. ఒక్క నిమిషం ఆగి చూడవలసిన చోటు ఇదే.

మన రాష్ట్ర డిగ్రీ పాఠ్య ప్రణాళికలో చివరి సంవత్సరం ఒక సెమిస్టర్, ఐదోదో ఆరోదో, ఇంటర్న్‌షిప్‌కు పోతుంది. మూడో సంవత్సరం సెక్షన్లు రెండింటినీ ఒకే సెమిస్టర్‌లో బయటకు పంపితే ఆ సెమిస్టర్‌లో శాఖకు 80 గంటల పనే ఉంటుంది, మిగిలిన సెమిస్టర్‌లో మాత్రం 120 గంటలూ మీద పడతాయి. విశ్వవిద్యాలయం అనుమతించిన మేరకు ఒక సెక్షన్‌ను ఐదో సెమిస్టర్‌లో, మరొకదాన్ని ఆరో సెమిస్టర్‌లో పంపితే రెండు సెమిస్టర్లలోనూ సమంగా 100 గంటలు వస్తాయి. కొరత 26 గంటల నుంచి ఆరు గంటలకు దిగిపోతుంది. ఇద్దరు గెస్ట్ ఫ్యాకల్టీ అనుకున్నచోట వారానికి రెండు రోజులు వచ్చేవారు ఒక్కరు సరిపోతారు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న విద్యార్థుల పర్యవేక్షణకు కూడా గంటలు పడతాయి కనుక, వాటిని టైమ్‌టేబుల్‌లో ముందే చూపించాలి. లేదంటే ఆ సెమిస్టర్‌లో ఖాళీగా ఉన్నారంటూ అధ్యాపకులకు ఇతర పనులు తగిలిస్తారు.

ల్యాబ్ ఉన్న శాఖల్లో బ్యాచ్‌ల లెక్కతో గంటలు పెరుగుతాయి. ప్రాక్టికల్ గంటను ఏ నిష్పత్తిలో లెక్కిస్తున్నారో పట్టిక పైనే ఒక వాక్యంలో రాసిపెట్టుకుంటే శాఖల మధ్య తగవులు రావు. భాషా శాఖల సంగతి వేరు. ఫౌండేషన్ కోర్సులు మారినప్పుడల్లా తెలుగు, ఇంగ్లిష్ గంటలు ఒక్కసారిగా పెరగడమో తగ్గడమో జరుగుతుంది. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టును ఎంచుకునే సింగిల్ మేజర్ విధానం వచ్చినప్పుడు విజ్ఞానశాస్త్ర శాఖలకు కూడా అదే అనుభవమైంది: మూడు సబ్జెక్టుల కాంబినేషన్లలో సమానంగా పంచుకున్న గంటలు, విద్యార్థులు ఏ మేజర్‌ను ఎంచుకుంటే ఆ వైపుకు ఒరిగిపోయాయి. కాబట్టి ఐదేళ్లకు ఒకే అంచనా వేయకుండా, మేజర్లవారీగా అడ్మిషన్లు ఇప్పుడున్నట్టే ఉంటే ఎంత, నాలుగో వంతు పడిపోతే ఎంత అని రెండు లెక్కలు పక్కపక్కన ఉంచుకోవడం మంచిది.

దీర్ఘకాలిక సెలవులను కూడా గంటల్లోకి మార్చి చూడాలి. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. అది దాదాపు ఒక సెమిస్టర్‌ను పూర్తిగా మింగుతుంది. మహిళా అధ్యాపకులు ఎక్కువగా ఉన్న శాఖల్లో దీన్ని ఆకస్మిక ఇబ్బందిగా కాక ఏటా ఉండే ఖర్చుగా చూపి, ప్రత్యామ్నాయ అధ్యాపకుల కోసం చిన్న నిధి పెట్టాలి. పెళ్లయిన మహిళలను తీసుకోవడానికి ఇంటర్వ్యూల్లో తటపటాయించే కమిటీలు ఉన్నాయి. అది అన్యాయం, పైగా మంచి అభ్యర్థులను చేజేతులా వదులుకోవడం.

వెళ్లిపోయేవారు, ఉండేవారు

ఈ ప్రాంతంలో అధ్యాపకులకు అవకాశాలకు కొదవలేదు. వడ్డేశ్వరంలో, వడ్లమూడిలో డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2017లో అమరావతిలో విట్, ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయాలు మొదలయ్యాయి. గుంటూరులో ఉండి విజయవాడలో, విజయవాడలో ఉండి గుంటూరులో పనిచేసేవారు రోజూ దాటివెళ్లే దారిలోనే వారికి ఇంకో ఉద్యోగం ఉంది. జీతంలో వాటితో పోటీపడటం మామూలు డిగ్రీ కళాశాలకు సాధ్యం కాదు. కానీ గత ఐదేళ్లలో మానివేసినవారి జాబితా తీసి, వీలైతే వారితో మాట్లాడి చూస్తే, జీతం ఒక్కటే కారణమని చెప్పేవారు తక్కువగానే ఉంటారు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దగ్గర పెట్టుకోవడం, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పుతూ తలకు ఇంతమందిని తేవాలని లక్ష్యం పెట్టడం, ఇంక్రిమెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పకపోవడం, పీహెచ్‌డీ కోర్సువర్కుకు సెలవు ఇవ్వకపోవడం, ఇవే ఎక్కువగా వినిపిస్తాయి. వీటిలో మొదటిదాన్ని ఆపడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. సర్టిఫికెట్లు పరిశీలించి, నకళ్లు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చే కళాశాల అన్న పేరు ఊళ్లో త్వరగా పాకుతుంది.

పదోన్నతికి ఒక నిచ్చెన రాతపూర్వకంగా ఉండాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్నవారికి యూజీసీ కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం వర్తిస్తుంది: అకడమిక్ లెవల్ (వేతన స్థాయి) 10 నుంచి 11కు పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్లు, ఎంఫిల్ ఉన్నవారికి ఐదేళ్లు, పీజీ మాత్రమే ఉన్నవారికి ఆరేళ్లు, 11 నుంచి 12కు ఐదేళ్లు, అక్కడి నుంచి 13ఏ స్థాయికి, అంటే అసోసియేట్ ప్రొఫెసర్ హోదాకు, మూడేళ్లతోపాటు పీహెచ్‌డీ తప్పనిసరి. రిజిస్టరులో ప్రతివారి ఎదుట తర్వాతి స్థాయికి అర్హత వచ్చే తేదీ, దానికి ఇంకా ఏ శిక్షణ మిగిలిందో రాసి ఉంచితే, గడువు దాటాక పరుగులు పెట్టే అవసరం ఉండదు. అన్‌ఎయిడెడ్ కళాశాల ఆ వేతనాలు ఇవ్వలేకపోయినా, ఆ సంవత్సరాల మెట్లనే నమూనాగా తీసుకుని హోదా, ఇంక్రిమెంటు, బోధన గంటల తగ్గింపు ఎప్పుడెప్పుడు వస్తాయో తన స్థాయిలో రాసి ప్రకటించవచ్చు. అంకె చిన్నదైనా, తేదీ ఖాయంగా ఉంటే మనిషి నిలబడతాడు.

శిక్షణల విషయంలో సంఖ్యకు ప్రాధాన్యం ఇవ్వవద్దు. సర్టిఫికెట్ల కోసం వరసపెట్టి చేసే ఆన్‌లైన్ వెబినార్లకంటే, అధ్యాపకుల కోసం నడిచే మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాల్లో ఒక ఫ్యాకల్టీ ఇండక్షన్ కార్యక్రమం, తన సబ్జెక్టులో ఒక రిఫ్రెషర్ కోర్సు సక్రమంగా చేసినవారికి పదోన్నతిలోనూ తరగతిలోనూ ప్రయోజనం ఉంటుంది. వీటికి ఒక శాఖ నుంచి ఒకేసారి ఇద్దరు వెళ్లకుండా ముందుగానే వంతులు వేసుకోవాలి. స్పాట్ వాల్యుయేషన్ (జవాబు పత్రాలు దిద్దడం) జరిగే వారాల్లో ఎవరినీ పంపకూడదు. విశ్వవిద్యాలయం పిలుపు, శిక్షణ ఒకే తేదీల్లో పడితే నష్టపోయేది అధ్యాపకులే. విజయవాడ కళాశాలలు కృష్ణా విశ్వవిద్యాలయం పరిధిలో, గుంటూరు కళాశాలలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండటం వల్ల పరీక్షల తేదీలు ఒకటిగా ఉండవు. రెండు ఊళ్లలోనూ కళాశాలలున్న యాజమాన్యాలు ఉమ్మడి శిక్షణ పెట్టేటప్పుడు దీన్ని మరచిపోతుంటాయి.

క్యాలెండర్ గురించి మరో మాట. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2016 పుష్కరాలు ఆగస్టులో పన్నెండు రోజులు జరిగాయి. ఈసారి కూడా నగరంలో రాకపోకలు, సెలవులు, సిబ్బంది విధులు తారుమారవుతాయని ముందే తెలుసు గనుక ఆ సెమిస్టర్ బోధన దినాలను ఇప్పుడే సర్దుకోవచ్చు. తెలియకుండా వచ్చేవి వేరే ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కింది అంతస్తుల్లో దాచినవి ఏమవుతాయో నగరమంతా చూసింది. సర్వీస్ రిజిస్టర్లు, నియామక ఉత్తర్వులు, మినిట్స్ పుస్తకాలు పై అంతస్తుకు మార్చి, ప్రతి పేజీనీ స్కాన్ చేసి వేరే ఊళ్లో ఒక ప్రతి ఉంచడం ప్రణాళికలో మొదటి ఏడాది పనుల్లో చేరాలి.

డబ్బు

అధ్యాపకులకు సంబంధించిన బాకీలను ముందుగా లెక్కించకుండా భవనాల అంచనాలు వేయకూడదు. గ్రాట్యుటీ చట్టం 2009 సవరణతో ఉపాధ్యాయులకు 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించింది. ఆ సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. లెక్క సులభమే: చివరి నెల మూలవేతనం, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. మూలవేతనం, డీఏ కలిపి రూ.39,000 ఉన్నవారు పదేళ్ల సర్వీసుతో విరమణ చేస్తే రూ.2,25,000 ఇవ్వాలి. ఐదేళ్లలో విరమణ చేసే యాజమాన్య సిబ్బంది అందరికీ ఇలా కట్టి కూడితే, ఇంతకాలం ఎక్కడా కనిపించని ఒక పెద్ద అంకె బయటపడుతుంది.

ఆదాయం వైపు చూస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన కళాశాలలకు సొమ్ము విడతలుగా, ఆలస్యంగా వస్తుంది. కనీసం మూడు నెలల జీతాలకు సరిపడే నిల్వ లేకుండా కొత్త కోర్సు తెరవకూడదని పాలకమండలి చేత తీర్మానం చేయించుకోవడం నా సలహా. జీతం రెండు నెలలు ఆగిన కళాశాలలో ఏ ప్రణాళికా అమలు కాదు.

రాయడం, ఆమోదం, సమీక్ష

లెక్కలు తేలాక రాయడం తేలిక. ప్రతి అంశానికీ బాధ్యులు, గడువు నెల, ఖర్చు, పూర్తయిందని చూపే ఆధారం అనే నాలుగూ ఉండాలి. ‘పరిశోధనను ప్రోత్సహిస్తాం’ అన్న వాక్యాన్ని ఎవరూ అమలు చేయలేరు, ఎవరూ తప్పుపట్టలేరు కూడా. దాని బదులు ‘కామర్స్ శాఖలో పీహెచ్‌డీకి నమోదైన ఇద్దరికి 2027 జూన్ నుంచి వారానికి నాలుగేసి గంటల బోధన తగ్గిస్తాం, ఆ ఎనిమిది గంటలకు గెస్ట్ ఫ్యాకల్టీ ఖర్చును శాఖ బడ్జెట్‌లో చూపుతాం, బాధ్యత శాఖాధిపతిది’ అని రాస్తే అది జరిగిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. ఇటువంటి అంశాలు ఇరవైకి మించనివ్వకండి.

ముసాయిదాను పాలకమండలికి పంపేముందు స్టాఫ్ కౌన్సిల్‌లో చదివి వినిపించాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకుండా, పది రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరాలు ఇవ్వమని అడిగి, వచ్చిన ప్రతిదానికీ ఏం చేశారో మినిట్స్‌లో రాయాలి. అటానమస్ కళాశాలల్లో పాఠ్యాంశాలకు సంబంధించిన భాగం అకడమిక్ కౌన్సిల్‌కు, ఖర్చుల భాగం ఫైనాన్స్ కమిటీకి వెళ్లాకే పాలకమండలి ముందుకు రావాలి. అధ్యాపకుల ఫిర్యాదులకు ఒక సంఘం, లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం చెప్పిన అంతర్గత కమిటీ పేరుకు కాకుండా పనిచేస్తున్నాయా అన్నది కూడా ఆ సమావేశంలోనే చూసుకోవాలి.

సమీక్ష ఏడాదికి రెండుసార్లు చాలు. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటిది, ఏప్రిల్‌లో రెండోది పెట్టుకుంటే, ఏప్రిల్ సమీక్షలో తేలిన ఖాళీలకు మే నెలలో ప్రకటన ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది. అదే సమాచారం ఐక్యూఏసీ వార్షిక నివేదికకూ పనికొస్తుంది, మళ్లీ శాఖల చుట్టూ తిరగనక్కర్లేదు. పూర్తికాని అంశాన్ని పట్టికలోంచి తీసివేయకుండా, ఎందుకు ఆగిందో పక్కన ఒక వాక్యం రాసి, కొత్త గడువు వేయాలి. ప్రిన్సిపాల్ మారినప్పుడు బాధ్యతల అప్పగింత జాబితాలో తాళాలు, చెక్కు పుస్తకాలతోపాటు ఈ పట్టిక, అధ్యాపకుల రిజిస్టరు కూడా చేర్చి, ఇద్దరి సంతకాలూ తీసుకోవాలి.